కొత్త బల్లకు ముసలితనం

"యాంటిక్ ఫినిష్. సరికొత్తది." ఓ ఫర్నిచర్ ప్రకటనలో ఈ రెండు మాటలూ సిగ్గు లేకుండా పక్కపక్కనే కూర్చున్నాయి. తప్పు పట్టడానికి మనమెవరం? నిజంగా పాతదవ్వాలంటే చాలా టైం పడుతుంది. 1930 నాటి అమెరికా సుంకాల చట్టం 1830కి ముందు చేసిన సామానునే యాంటిక్ అంది. 1966లో దాన్ని సవరించి, వందేళ్లు దాటితే చాలన్నారు. మనిషికి నూరేళ్లు నిండితే పాడె, కుర్చీకి నిండితే సుంకం మాఫీ.

అంతకాలం ఆగలేని వాళ్ల కోసమే ముసలితనం తెప్పించే శాస్త్రం పుట్టింది. ముందు బల్లను అద్దంలా చిత్రిక పడతారు. అది ముచ్చటగా తయారయ్యాక ఒకాయన ఇనుప గొలుసుతో వచ్చి చితకబాదుతాడు. మూలలు సుత్తితో నలగ్గొడతాడు, పైన తాళాలగుత్తి విసురుతాడు, గీతల్లో నల్లరంగు పులుముతాడు. మేస్త్రీ దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూసి, "ఇంకో యాభై ఏళ్లు పడాలి" అంటాడు. ఇంకో నాలుగు దెబ్బలు పడతాయి. ఆ తర్వాత చెక్క తొలిచే పురుగు పాత్రలో డ్రిల్లు ప్రవేశిస్తుంది. అసలు పురుగునే పనిలో పెట్టుకోవచ్చు గానీ దానికి బొత్తిగా చురుకు లేదు. పిల్లపురుగుగా చెక్క లోపల రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా తింటూ కూర్చుని, రెక్కలొచ్చి బయటపడేటప్పుడు మాత్రమే ఆ చిన్న రంధ్రం పెడుతుంది. లోపల అది తొలిచిన దారి వంకరటింకరగా ఉంటుంది. డ్రిల్లు తిన్నగా వెళ్లి ఆగిపోతుంది. సన్నటి తీగ దూర్చి చూస్తే గుట్టు రట్టవుతుంది. కానీ కొన్నాయనకు తీగతో పనేముంది? రంధ్రాన్ని చూపుడువేలితో నిమిరి, "ఇది రెండువందల ఏళ్లనాటి పురుగండీ" అని ఇంటికొచ్చినవాళ్లకు పరిచయం చేస్తాడు. వాళ్లు ఆ పెద్దపురుగు గారి పట్ల భక్తిగా తలాడిస్తారు.

అన్నట్టు, గుండ్రటి బల్ల కొనేటప్పుడు టేపు తీసుకెళ్లండి. చెక్క నార పొడవునా దాదాపు కుదించుకోదు, అడ్డంగా కుదించుకుంటుంది. నిజంగా పాత బల్లయితే రెండు వైపుల కొలతల్లో కాస్త తేడా వస్తుంది. అన్ని వైపులా పూర్ణచంద్రుడిలా ఉంటే దాని వయసు మీద అనుమానపడండి.

ఇక పేర్ల సంగతి. లండన్ వడ్రంగి థామస్ చిప్పెండేల్ 1754లో తన డిజైన్లను పుస్తకంగా అచ్చేయించాడు. అది చూసి ఎందరో వడ్రంగులు అలాంటి సామానే చేసుకున్నారు. పైగా ఆయనకు చేసిన సామాను మీద పేరు వేసే అలవాటు లేదు. పాత బిల్లులాంటిదేదో దొరికితే తప్ప ఆయన చేతి పనే అని తేల్చడం కష్టం. అమ్మేవాళ్లకు మాత్రం ఏ కష్టమూ లేదు. కాలు కాస్త వంపు తిరిగితే చాలు, చిప్పెండేల్. కొనేవాళ్లు అమాయకులు అనుకోకండి. 18వ శతాబ్దపు రాచకుర్చీలని నమ్మి ఫ్రాన్స్ రాజులుండిన వెర్సాయ్ ప్యాలెసే నకిలీలు కొన్నదని 2016లో బయటపడింది. ఆ నకిలీలు చేయించినాయన ఆ కాలపు ఫ్రెంచ్ కుర్చీల మీద మహా నిపుణుడు.

రాణిగారు ఎన్నడూ కూర్చోని కుర్చీకి కూడా రాణిగారి కథ దొరుకుతుంది. ఆ చెక్క కథ అడగండి, షాపులో ఎవడూ నోరు విప్పడు. 1721లో బ్రిటన్ తన అమెరికా, కరీబియన్ వలసల కలప మీద సుంకం ఎత్తేశాక, ఖరీదైన ఫర్నిచర్‌కు వాడే మహాగని కలప వరదలా వచ్చింది. దాన్ని నరికింది జమైకాలో, మధ్య అమెరికాలోని బెలీజ్ అడవుల్లో బానిసలు. బెలీజ్‌లో 'హంట్స్‌మన్' అని ఒకడుండేవాడు. అందరికంటే ఎత్తయిన చెట్టెక్కి, ఆకుల రంగును బట్టి మహాగని ఎక్కడుందో పట్టేవాడు. అంత నైపుణ్యం ఉన్న మనిషికి తన ఒంటి మీద తనకే హక్కు లేదు! ఈ బల్ల వెంట వచ్చే సర్టిఫికెట్‌లో రాజు ఉంటాడు, ప్రభువు ఉంటాడు, పాలిష్ రకం ఉంటుంది, పురుగుక్కూడా ఒక లైను దక్కుతుంది. చెట్టు కొట్టినవాడికి మాత్రం అరలైను చోటు లేదు. ఆ చోటు ఇచ్చేదాకా 'వారసత్వం', 'ఘనత' అంటూ నా ముందు ఎవరూ మాట్లాడకండి, ఒళ్లు మండుతుంది.