అందరి కోసం కాదట!

ఇప్పుడే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. హైదరాబాద్ కోకాపేటలో ఆకాశాన్నంటే టవర్లు కడుతున్నారట. ధర ఎంతమ్మా అంటే చెప్పదు. "ఇది అందరి కోసం కాదు సర్, ఎంపిక చేసిన కొద్దిమందికే" అంటుంది. ఎవరు ఎంపిక చేశారో! నిన్న మా వాచ్‌మన్‌కూ ఇదే ఫోన్ వచ్చింది.

వీళ్ల ప్రకటనలు చూస్తూనే ఉన్నారుగా, పేపర్లో రెండు పేజీలు తిప్పితే గానీ వార్త కనిపించదు. పేరు ఇటలీ ఊరిది. బొమ్మలో కోటు వేసుకున్న ఒక తెల్లాయన బాల్కనీలోంచి ఊరిని కిందికి చూస్తుంటాడు. నీళ్లు కుళాయిలో వస్తాయా, ట్యాంకరులో వస్తాయా అన్నది ఎక్కడా ఉండదు. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో మాత్రం "చిత్రం ఊహాజనితం" అని ఉంటుంది. ఆ ఒక్క ముక్కే నిజం.

ఎనభైలలో ఒనిడా టీవీ ప్రకటన గుర్తుందా? కొమ్ములూ తోకా ఉన్న దయ్యం వచ్చి, ఇది కొంటే పక్కింటివాడు కుళ్లిపోతాడని ఊరించేది. అప్పుడు దయ్యాన్ని దయ్యంలాగే చూపించారు, ఇప్పుడు దానికి కోటు తొడిగారు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? వానలో ఒకే స్కూటరు మీద తడుస్తూ వెళ్లే కుటుంబాల కోసమని 2009లో నానో కారు తెచ్చారు. లక్ష రూపాయలకే కారు అని టముకు వేశారు, అదే దాని కొంప ముంచింది. పెళ్లి మండపం ముందు చవక కారు దిగితే నలుగురూ ఏమనుకుంటారు! 2018కల్లా తయారీయే ఆగిపోయింది. తడిసినా పర్వాలేదు కానీ తక్కువగా కనిపించకూడదు మనకు.

అసలు నా మంట లిఫ్టు గురించి. మా అపార్టుమెంటు బ్రోషరులో ఈతకొలను పక్కనే, అదేదో సౌకర్యమైనట్టు, "పనివారికి ప్రత్యేక లిఫ్టు" అని అచ్చువేశారు. పోయిన నెల అది చెడిపోయింది. వంట చేసే అక్క మోకాళ్లు పట్టుకుని తొమ్మిది అంతస్తులు మెట్లెక్కింది. మేమెక్కే రెండు లిఫ్టులు తలుపులు తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి! సమావేశంలో అడిగితే కార్యదర్శి గారు "మన స్థాయి పడిపోతుందండీ, ఇవన్నీ చూసే కదా కొన్నాం" అన్నారు. ఆయన కుక్క మాత్రం రోజూ మేమెక్కే లిఫ్టులోనే దర్జాగా దిగుతుంది. ఆయనింట్లో వంట చేసేదీ ఆ అక్కే. ఆవిడ చేతి పులుసు రెండోసారి పోసుకునేటప్పుడు స్థాయి ఎక్కడికి పోతుందో మరి!