గాయకుడు లేని పాట

జమైకాలో 1968 ప్రాంతంలో జరిగిన ముచ్చట ఇది. కింగ్‌స్టన్ బాండ్ స్ట్రీట్‌లో డ్యూక్ రీడ్ గారికి మద్యం దుకాణం ఉండేది. దాని పైనే ఆయన స్టూడియో, ట్రెజర్ ఐల్. ఆయన మాజీ పోలీసు, తుపాకీ దగ్గర లేకుండా కనిపించడం అరుదట. అలాంటి యజమాని దగ్గర పరధ్యానంగా పనిచేయాలంటే ఎంత గుండెధైర్యం కావాలో మీరే ఆలోచించండి.

ఒకరోజు రడ్డీ రెడ్‌వుడ్ అనే ఆయన అక్కడికి డబ్‌ప్లేట్, అంటే ఒకే ఒక్క కాపీగా కోసే డిస్కు, కోసం వచ్చాడు. స్పానిష్ టౌన్‌లో ఈయనకో సౌండ్ సిస్టమ్ ఉంది. అంటే బీరువాలంత స్పీకర్లు, రికార్డులు మార్చే సెలెక్టర్, మైకు పట్టుకొని జనాన్ని హుషారెక్కించే డీజే. రాత్రి ఆరుబయట డాన్సు, పక్కనే బీరు అమ్మకం. ఎదుటివాడి దగ్గర లేని పాట మన దగ్గరుంటేనే జనం ఇటు వస్తారు, బీరూ చెల్లుతుంది. అందుకే బజారులోకి రాని పాటను ఇలా ఒక్క కాపీ కోయించుకునేవారు. నాలుగు రోజులు వాయిస్తే అరిగిపోయే మెత్తటి డిస్కు అది. అన్నట్టు రడ్డీ తన సిస్టమ్‌కు పెట్టుకున్న పేరు, ఎంతో వినయంగా, సుప్రీం రూలర్ ఆఫ్ సౌండ్!

ఆనాటి పాట పారగాన్స్ వాళ్ళ 'ఆన్ ద బీచ్'. టేపు మీద వాద్యాలు ఒక ట్రాక్, గొంతులు ఇంకో ట్రాక్. ఇంజనీర్ బైరన్ స్మిత్ మొదటిది ఎక్కించి రెండోది మరిచిపోయాడు. సూది తన మానాన తాను కోసుకుపోతోంది. డ్రమ్స్ వచ్చాయి, బాస్ వచ్చింది, గిటార్ వచ్చింది. మేళతాళాలన్నీ దిగాయి గాని పెళ్ళికొడుకు జాడ లేదు. స్మిత్ సరిచేయబోతే రడ్డీయే "పోనీ, కానివ్వు" అన్నట్టు ఆపాడని చెప్పుకుంటారు. డిస్కు డబ్బులు గుర్తొచ్చి ఉంటాయని నా అనుమానం.

ఆ రాత్రి స్పానిష్ టౌన్‌లో ముందు గొంతున్న పాట వేశారు, వెంటనే గొంతు లేనిది. ఇంకోచోటయితే "ఏమయ్యా, మైకు పోయిందా?" అని గొడవ లేచేది. ఇక్కడి జనం మాత్రం సందు దొరికింది కదా అని తామే అందుకున్నారు. పారగాన్స్ గాయకుడు జాన్ హోల్ట్ అంత తియ్యగా పాడిన చోట ఊళ్ళోని బాత్రూమ్ గాయకులందరూ! ఇక మళ్ళీ మళ్ళీ అదే పాట.

నిర్మాతలకు వెంటనే లెక్క అర్థమైంది. అప్పటిదాకా రికార్డు రెండోవైపుకు ఇంకో పాట చేయించాలి, వాద్యగాళ్ళకు మళ్ళీ డబ్బులివ్వాలి. ఇప్పుడు అదే పాటలో గొంతు తీసేసి, మీద 'వెర్షన్' అని అచ్చేస్తే సరి. 1970లో డ్యూక్ రీడ్ ఆ ఖాళీల్లో యూ-రాయ్ అనే డీజే చేత మాటలు చెప్పిస్తే అవి జమైకా చార్టుల్లో పైకెక్కి కూర్చున్నాయి. ఇక కింగ్ టబ్బీ. యాంప్లిఫయర్లు రిపేరు చేసుకునే మనిషి. ఒకరు పొరపాటున ఒక్కసారి మరిచిపోయినదాన్ని ఈయన పాటలు మిక్సింగ్ చేస్తూ పనిగట్టుకొని మరిచిపోవడం మొదలుపెట్టాడు. ముందు గొంతు, తర్వాత గిటార్, ఒక్కోసారి డ్రమ్స్ కూడా.

పాపం, నష్టపోయింది గాయకులే. జేకబ్ మిల్లర్ 'బేబీ ఐ లవ్ యూ సో' అని మనసారా పాడాడు. రెండోవైపు అగస్టస్ పాబ్లో మెలోడికా, అంటే బళ్ళో పిల్లలు ఊదుతూ మెట్లు నొక్కే వాద్యం. దాని మీద టబ్బీ మిక్సింగ్. లోకం ఆ రెండోవైపునే నెత్తిన పెట్టుకుంది. అందులో మిల్లర్ "బేబీ..." అని మొదలుపెడతాడో లేదో, ప్రతిధ్వని గుటుక్కున మింగేస్తుంది. పిల్లకు మనసులో మాట పూర్తిగా చెప్పనివ్వలేదు సరే, పాట పేరులో అయినా చోటిచ్చారా అంటే అదీ లేదు. అక్కడున్నదీ టబ్బీయే: 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్'.