ముందు బటన్ రంగు తేలనివ్వండి

పాఠకులకు మెయిల్‌లో పంపే న్యూస్‌లెటర్ పెడదామనుకుంటున్న కొత్త రచయితలకు ముందుగా ఒక హెచ్చరిక. పొరపాటున కూడా రాయడంతో మొదలుపెట్టకండి. రాయడం ఎప్పుడైనా చేసుకోవచ్చు, చేయకపోయినా అడిగేవారు ఉండరు. పేరు, లోగో, సబ్‌స్క్రైబ్ బటన్ రంగు తేలకుండా కీబోర్డు ముట్టుకోవడం మాత్రం సాహిత్యానికి తలపెట్టే అపచారం.

పేరు గంభీరంగా ఉండాలి, అర్థం ఎవరికీ అందకూడదు. మౌనం, తీరం, అలికిడి లాంటి మాటల్లో ఏవో రెండు పక్కపక్కన పెడితే సగం పని అయిపోయినట్టే.

తర్వాత వేదిక. 2017లో వచ్చిన సబ్‌స్టాక్ ఉచితమే, కాకపోతే పాఠకులు కట్టే చందాలో 10 శాతం తను తీసుకుంటుంది. ఈ మాట వినగానే మన రచయితకు ఒళ్లు మండుతుంది. సున్నాలో 10 శాతం ఎంతో లెక్క వేసుకోకుండానే 'ఇది శ్రమదోపిడీ' అని తీర్మానించి, ఏ వేదిక ఎంత కోస్తుందో పోలుస్తూ పెద్ద పట్టిక తయారుచేస్తాడు. నిజం చెప్పాలంటే, ఆయన రాసినవాటిలో చివరిదాకా పూర్తయింది అదొక్కటే.

ఇక ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. మెయిల్ నిజంగా మీరే పంపారని రుజువు చేసే సెట్టింగులివి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైగా మెయిళ్లు పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడూ తప్పనిసరి. మన రచయితకున్న పాఠకులు ఏడుగురు. అందులో ఒకరు తనే, ఇంకో ఐడీతో. అయినా మిగతా 4,993 మంది ఏ రాత్రి వచ్చిపడతారో ఎవరు చెప్పగలరు? ముందుజాగ్రత్త మంచిదే కదా.

మెయిల్ అడుగున పోస్టల్ చిరునామా ఉండాలన్నది మరో చిక్కు. వ్యాపార మెయిళ్లకు అమెరికా 2003లో చేసిన చట్టంలో ఈ నిబంధన ఉంది. అందుకే మెయిళ్లు పంపిపెట్టే సర్వీసులు చాలావరకు ఆ గడి నింపనిదే కదలనివ్వవు. ఇల్లెక్కడో తెలిస్తే అభిమానులు గుమ్మం ముందు గుమిగూడతారేమోనని రచయితకు టెన్షన్. ఇంట్లోవాళ్లకు ఆ భయమేమీ ఉన్నట్టు లేదు.

వీటన్నిటికీ శిఖరం ఓపెన్ రేటు, అంటే మెయిల్‌ను నూటికి ఎంతమంది తెరిచారన్న లెక్క. మెయిల్ లోపల కంటికి కనబడని, ఒక్క పిక్సెల్ బొమ్మ ఒకటి దాగి ఉంటుంది. అది లోడ్ అయితే పాఠకుడు మెయిల్ తెరిచాడని లెక్క. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో కొత్త ప్రైవసీ ఏర్పాటు తెచ్చింది. దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లకు వచ్చే మెయిళ్లలోని బొమ్మల్ని, వాళ్లు తెరిచినా తెరవకపోయినా, ఆపిల్ సర్వర్లే ముందుగా తెచ్చిపెడతాయి. అంటే రచయిత అర్ధరాత్రి డాష్‌బోర్డు రిఫ్రెష్ చేసి, అంకె పెరిగిందని పొంగిపోయి, "పాఠకులు ఇంకా చచ్చిపోలేదు" అని నిట్టూరుస్తున్నప్పుడు, ఆయన్ని చదివింది ఒక సర్వర్ కావచ్చు. తప్పేముంది? అంత నిష్ఠగా, వచ్చిన ప్రతి మెయిలూ తెరిచే పాఠకుడు మనుషుల్లో దొరకడం కష్టం. విమర్శలు కూడా చేయడు.

ఇంత కట్టుదిట్టం చేశాక కూడా ఒకరోజు ఏడుగురు ఆరుగురవుతారు. వెళ్లిపోవడాన్ని ఒక్క క్లిక్కుతో అయ్యేంత సులువు చేయడం రచయితల మీద పన్నిన కుట్ర తప్ప మరొకటి కాదు. వెళ్లిందెవరని మన రచయిత రాత్రంతా ఆరా తీస్తాడు. బావమరిది మీదే అనుమానం. తెల్లారి చూస్తే, కారణం అడిగే ఫారంలో ఆ పాఠకుడు బుద్ధిగా టిక్ పెట్టి మరీ వెళ్లాడు: "మెయిళ్లు మరీ ఎక్కువగా వస్తున్నాయి."

అప్పటికి వెళ్లింది స్వాగతం చెప్పే మెయిల్ ఒక్కటే.