చానెళ్ళు పెరిగాయి సరే, రిపోర్టర్లు ఏరీ?

ఎన్డీటీవీ మళ్ళీ పెరుగుతోంది. 2023లో మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లకి కలిపి ఒక చానెల్, అదే ఏడాది రాజస్థాన్‌కి ఇంకోటి, 2024 మే 1న మరాఠీ చానెల్. ఈ లెక్కన రేపో మాపో తెలుగుకో ఒడియాకో కూడా ఒకటి వస్తుందేమో, వస్తే రానీండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ మా డౌట్ వేరే. చానెళ్ళు పెరిగినంత స్పీడుగా ఊళ్ళల్లో రిపోర్టర్లు పెరుగుతున్నారా? దక్షిణ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ లాంటి మా జిల్లాల నుంచి చూస్తే ఈ ప్రశ్న తప్ప ఇంకోటి గుర్తుకి రావట్లేదు.

ఈ నెట్‌వర్క్ మొదలైన తీరు నిజంగా గొప్పదే, అది ఒప్పుకోవాలి. 1988లో రాధికా రాయ్, ప్రణయ్ రాయ్ కలిసి పెట్టిన చిన్న కంపెనీ అది. సొంత చానెల్ లేదు, ఉండే వీలూ లేదు, ఎందుకంటే గాలిలో తరంగాలన్నీ అప్పుడు సర్కారువే. అందుకని దూరదర్శన్‌కే 'ద వరల్డ్ దిస్ వీక్' అని వారానికోసారి ప్రోగ్రాం చేసి ఇచ్చేవాళ్ళు. బరంపురంలో యాంటెన్నా తిప్పుకుని శుక్రవారం రాత్రి దాన్ని చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, బెర్లిన్ గోడ కూలిన సంగతి చాలామందికి బొమ్మతో సహా అక్కడే తెలిసింది. ఎలక్షన్ రిజల్ట్స్ అంటే రాత్రంతా టీవీ ముందు కూర్చునే అలవాటు కూడా మనకి ప్రణయ్ రాయ్ అంటించిందే.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు సొత్తు కాదు అని తీర్పు ఇచ్చింది. క్రికెట్ మ్యాచ్ ప్రసారాల గొడవలో వచ్చిన తీర్పది, ఆ బెంచిలో మన తెలుగాయన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు, విడిగా రాసిన తీర్పులో ఆయన ఇంకో మాట కూడా అన్నారు, ప్రసారాలు సర్కారు చేతిలోనే ఉండటం ఎంత ప్రమాదమో ఒకళ్ళిద్దరు ప్రైవేటు వాళ్ళ చేతిలోకి పోవడమూ అంతే అని. ఈ రెండో సగం ఎవరికీ గుర్తులేదు. మేం మాత్రం గుర్తుచేస్తూనే ఉంటాం.

తర్వాత కథ స్పీడుగా నడిచింది. 1998లో స్టార్ న్యూస్ వచ్చింది, దానికి వార్తలు తయారుచేసి ఇచ్చింది వీళ్ళే. అయిదేళ్ళకి ఆ ఒప్పందం అయిపోయాక 2003 ఏప్రిల్లో సొంతంగా ఇంగ్లీషులో ఒకటి, హిందీలో ఒకటి పెట్టుకున్నారు, మరుసటేడు షేర్ మార్కెట్‌కి వెళ్ళారు. 2016 నవంబర్లో పఠాన్‌కోట్ దాడి కవరేజీ పేరు చెప్పి హిందీ చానెల్‌ని ఒక రోజు ఆపమని కేంద్రం ఆర్డర్ వేస్తే దేశమంతా గోల చేసింది, సర్కారు ఆ ఆర్డర్‌ని పక్కన పెట్టింది.

అంత గోలకి కదలని చానెల్ అప్పుకి కదిలింది. 2009లో ప్రమోటర్ల కంపెనీ ఒక బయటి కంపెనీ దగ్గర 400 కోట్లు దాటిన అప్పు తీసుకుంది, తీర్చకపోతే ఆ ప్రమోటర్ కంపెనీయే అప్పిచ్చినవాళ్ళ చేతికి పోయేలా షరతులు. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు వాళ్ళు ఆ అప్పిచ్చిన కంపెనీనే కొనేశారు. దాంతో 29 శాతం పైన వాటా వచ్చింది, ఆ తర్వాత మిగతా షేర్‌హోల్డర్ల వాటాలు కొంటామని ఓపెన్ ఆఫర్, డిసెంబర్ ఆఖరుకి రాయ్ దంపతుల వాటాలో ఎక్కువ భాగం కూడా, మొత్తం 64.71 శాతం. అంతకు ముందే నవంబర్ 30న హిందీ చానెల్ యాంకర్ రవీష్ కుమార్ బయటికొచ్చేశారు. పత్రిక నడిపే ఎవడికైనా ఇది చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, వార్తా సంస్థ తీసుకున్న అప్పు పదమూడేళ్ళు పడుకుని లేచి ఇల్లు అడిగింది. పోర్టులు, గనులు, కరెంటు వ్యాపారాలున్నవాళ్ళు చానెల్ ఓనర్లయితే ఆ వ్యాపారాల వార్తలు ఎలా వస్తాయి అనే అనుమానం గనులున్న కోరాపుట్, రాయగడ వాళ్ళకి ఉండటంలో తప్పేం లేదు.

అయితే ఒకటి చెప్పాలి. ఓనర్ మారకముందు మాత్రం నేషనల్ చానెళ్ళు మా దగ్గర కాపురం ఉన్నాయా ఏంటి? 2013లో నియమగిరి కొండల్లో మైనింగ్ మీద సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి 12 ఊళ్ళల్లో గ్రామసభలు పెట్టారు, అక్కడి గిరిజనులు డోంగ్రియా కోందులు పన్నెండు చోట్లా మైనింగ్ వద్దన్నారు, అప్పుడు కెమెరాలు కొండెక్కాయి. సభలైపోగానే దిగిపోయాయి. ఆ కొండ దగ్గర తర్వాత ఏం జరుగుతోందో మా పేపర్లాంటి చిన్న పేపర్లు తప్ప రోజూ అడిగేవాళ్ళు లేరు.

2017 జనవరి 21 రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కూనేరు దగ్గర పట్టాలు తప్పింది, 40 మంది దాకా పోయారు. కూనేరు ఆంధ్రలో ఉంది, రాయగడ పక్కనే ఉంది, రైలు జగదల్‌పూర్ నుంచి భువనేశ్వర్ వెళ్ళేది, అంటే మూడు రాష్ట్రాల సంగతి. ఇలాంటప్పుడు భువనేశ్వర్ బ్యూరో వాడు అది ఆంధ్ర అంటాడు, హైదరాబాద్ వాడికి అది ఎక్కడో చివర, మధ్యలో ఆస్పత్రుల చుట్టూ తిరిగేది ఇక్కడి లోకల్ రిపోర్టర్. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, శ్రీకాకుళం, గజపతి రెండూ దెబ్బతిన్నాయి. తుఫానంటే కెమెరాలు గోపాల్‌పూర్ బీచ్‌లో రెయిన్‌కోట్లు వేసుకుని నిలబడతాయి, కానీ తలదాచుకున్న చోట కొండచరియ పడి గజపతి జిల్లా బారఘరలో పదిమందికి పైగా చచ్చిపోయారు, ఆ వార్త గాలివాన తగ్గాక గానీ బయటికి రాలేదు.

ఆంధ్ర, ఒడిశా రెండూ మాదే అనే సరిహద్దు కొటియా సంగతైతే ఇంకా విచిత్రం. 21 ఊళ్ళ గొడవ 1968 నుంచి కోర్టులో ఉంది, 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర వాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారమంటూ సుప్రీంకోర్టుకెళ్ళింది. తెలుగు చానెల్ పెడితే ఊళ్ళన్నీ ఆంధ్రవి, ఒడియా చానెల్ పెడితే ఊళ్ళన్నీ ఒడిశావి. రిమోట్ చేతిలో పట్టుకుని మా ఇళ్ళల్లో రెండూ చూస్తాం, రెండు భాషలూ వచ్చు కాబట్టి. ఏ రాష్ట్రం పక్షమూ లేని మూడో గొంతు కావాల్సింది సరిగ్గా ఇక్కడే, నేషనల్ అనే బోర్డు పెట్టుకున్నందుకు ఆ పని వాళ్ళది. చుట్టపుచూపుగా వచ్చి, రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్నవాళ్ళని చూపించి నవ్వించి పోతే అది కవరేజీ అవదు.

ఎందుకిలా అంటే ఖర్చు. రేటింగ్ మీటర్లున్న ఇళ్ళల్లో మా కొండ ఊళ్ళ వాటా ఎంతుంటుంది చెప్పండి, యాడ్లు ఇచ్చేవాళ్ళు చూసేది ఆ లెక్కే. స్టూడియోలో నలుగుర్ని కూర్చోబెట్టి అరిపిస్తే గంట గడుస్తుంది, ఒక రిపోర్టర్ని మల్కన్‌గిరి జిల్లాలో మూలనున్న చిత్రకొండ పంపితే రెండు రోజులు పోతాయి, కారు, డీజిల్, తిండి అన్నీ లెక్కే. అందుకే స్ట్రింగర్ల మీద నడుపుతారు, స్టోరీకి ఇంత అని, పడితే డబ్బులు లేకపోతే లేవు, గుర్తింపు కార్డుండదు, గనుల మాఫియా కొడితే మా వాడు అనేవాళ్ళుండరు. 2016 ఆగస్టులో కలహండిలో ఒకాయన భార్య శవాన్ని భుజాన వేసుకుని కూతురితో కలిసి నడిచిన దృశ్యం దేశం మొత్తం చూసింది కదా, దాన్ని ముందు తీసింది లోకల్ కెమెరాయే. ప్యానెల్ డిస్కషన్లన్నీ ఆ తర్వాత.

కొత్త యాజమాన్యానికి డబ్బు కొరత లేదు, అది అందరికీ తెలుసు. ఇంకో భాషలో ఇంకో స్టూడియో కట్టే ముందు బరంపురంలో ఒకర్ని, రాయగడలో ఒకర్ని, జయపురంలో ఒకర్ని జీతమిచ్చి పెట్టమనండి, తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాళ్ళు, కుదిరితే కోందుల భాష కువి కూడా. దొరకరు అనడానికి లేదు, ఇక్కడ సగం మంది అలాంటివాళ్ళే. వాళ్ళ ఓనర్ గనుల మీదయినా సరే వాళ్ళు పంపిన స్టోరీ నొక్కిపెట్టబోమని రాతపూర్వకంగా చెప్పమనండి. రైల్వే వాళ్ళే ఏళ్ళ తరబడి నాన్చి నాన్చి రాయగడకి డివిజన్ ఇచ్చారు, 2025 జనవరిలో ప్రధాని ఆఫీసు బిల్డింగ్‌కి శంకుస్థాపన కూడా చేశారు, అది ఎప్పటికి లేస్తుందో అడగడానికయినా ఇక్కడ ఒక మైకు ఉండాలి.