అభ్యర్థి గారి అభిప్రాయానికి

అయ్యా అభిప్రాయం గారూ,

నమస్కారాలు. నిన్న బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్నమంతా మీ కోసమే కాచుకు కూర్చున్నాం. అభ్యర్థి గారు వచ్చారు, మీరే రాలేదు. పోయిన నవంబర్‌లో మాలాంటి స్వలింగ జంటల హక్కుల కోసం జరిగిన ప్రైడ్ నడకలో ఆయన ఇంద్రధనుస్సు జెండా పట్టుకుని ఫొటో దిగినప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదా! నిన్న నేను లేచి మా హక్కుల మీద మీ అభిప్రాయమేంటని అడిగితే, ముందు వరస పెద్దవాళ్లకేసి ఓసారి చూసి, "అది సున్నితమైన విషయమమ్మా" అని కావేరి నీళ్ల మీదకి వెళ్లిపోయారాయన. (ఆ నీళ్లూ రాలేదనుకోండి, ట్యాంకరే గతి.)

మీ వంశంలో ఇది మామూలేనట. 2018లో స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్ మీద కేంద్రం "మీ విజ్ఞతకే వదిలేస్తున్నాం" అంది సుప్రీంకోర్టుతో. 2023లో స్వలింగ జంటల పెళ్లి దాకా వచ్చేసరికి "అది పార్లమెంటు పని" అంది. అక్టోబర్ 17న కోర్టూ అదే మాట అని చేతులు దులుపుకుంది. పార్లమెంటు సంగతి 2015లోనే చూశాం: శశి థరూర్ 377 సవరణ బిల్లు పెడతానంటే, పెట్టనివ్వడానికే 71–24తో కాదు పొమ్మన్నారు. 2024లో కాంగ్రెస్ మేనిఫెస్టో విస్తృత సంప్రదింపులయ్యాక మాలాంటి జంటలను గుర్తించే చట్టమంది. మా గడప తొక్కిన సంప్రదింపు ఇంతవరకూ లేదు. ఓటరు స్లిప్పులు మాత్రం తొక్కాయి, ఒకే ఫ్లాట్ నంబరు మీద రెండు.

పోయిన నెల నా జీవిత భాగస్వామి సుమకి అపెండిక్స్ ఆపరేషన్. ఫారంలో సంతకం పెట్టబోతే "మీరేమవుతారు?" అన్నారు కౌంటర్లో. రిలేషన్ గడిలో నేను రాసింది కొట్టేసి, "ఇంటివాళ్లెవరైనా ఉంటే పిలిపించండి" అన్నారు. ఇంటివాళ్లంటే అనంతపురంలో ఉన్న అన్నయ్య. ఏళ్ల తరబడి దానితో మాట్లాడని అన్నయ్య. ఆయన బస్సు దిగేదాకా అది స్ట్రెచర్ మీదే. ఇద్దరం బ్యాంకులో జాయింట్ ఖాతా తెరుచుకోవచ్చని 2024లో కేంద్రమే చెప్పింది. అంటే బిల్లు కట్టడానికి నేను పనికొస్తాను, సంతకానికి పనికిరాను.

సున్నితమైన విషయమట! నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి పక్కన నిలబడి ఆ మాట అనమనండి, చూస్తాను.

ఎదురింటి తాతగారికి మేమంటే గిట్టదు. లిఫ్టులో ముఖం మీదే అంటారు. ఆ రాత్రి కారు తీసి ఆస్పత్రికి తీసుకెళ్లిందీ ఆయనే. ఆయన అభిప్రాయం ఎక్కడుంటుందో నాకు తెలుసు, వెళ్లి పోట్లాడొచ్చు. మీ అడ్రసేంటండీ?