హెన్రీ బిగ్లర్ తుపాకీ ఎందుకు పట్టాడు?

(1846లో అమెరికా మెక్సికో మీద యుద్ధానికి దిగింది. అదే ఏడాది ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూ పట్టణం వదలాల్సి వచ్చిన మోర్మన్లు (జోసెఫ్ స్మిత్ స్థాపించిన మతశాఖ వాళ్ళు) అయోవా మీదుగా పడమటికి సాగుతున్నారు. జూలైలో వాళ్ళలో దాదాపు 500 మంది సైన్యంలో చేరారు. అదే మోర్మన్ బెటాలియన్. వర్జీనియాలో 1815లో పుట్టిన హెన్రీ బిగ్లర్ అందులో ఒకడు. ఇలాంటి పూర్వీకుణ్ణి వీరుడిగా తలుచుకోవచ్చా అన్నదే చర్చ.)

ప్రతివాది: 1838లో మోర్మన్లను వెళ్ళగొట్టండి, లేదా మట్టుబెట్టండి అని మిస్సోరీ రాష్ట్ర గవర్నరే ఆదేశించాడు. 1844లో వాళ్ళ మతస్థాపకుడు జోసెఫ్ స్మిత్‌ని జైల్లోనే కాల్చి చంపారు, ఎవరికీ శిక్ష పడలేదు. ఇవన్నీ చూస్తూ ఊరుకున్న దేశం కోసం తుపాకీ పట్టడం ఆత్మగౌరవమా?

వాది: గుడారాల్లో జనం ఆకలితో, జబ్బులతో ఉన్నారండీ. యూనిఫాం కోసం మనిషికి 42 డాలర్లు ముందే ఇచ్చారు. వాళ్ళు ఒంటిమీది పాత బట్టలతోనే నడిచి, అందులో చాలా డబ్బు వెనక్కి పంపారు.

ప్రతివాది: బిగ్లర్‌కి అప్పటికి పెళ్ళే కాలేదు. ఎవరి కోసం పంపాలి?

వాది: కష్టం ఒక్క ఇంటిది కాదు, అందరిదీ. స్మిత్ తర్వాత మోర్మన్లను నడిపించిన బ్రిగమ్ యంగ్ అడిగాడు, బిగ్లర్ వెళ్ళాడు. ఆ నడక చూడండి. దాదాపు 3,200 కిలోమీటర్లు! బూట్లు అరిగిపోతే ఎద్దు తోలు పాదాలకు చుట్టుకున్నారు. ఎడారిలో నీళ్ళ కోసం బావులు తవ్వుకుంటూ పోయారు. 1847 జనవరిలో కాలిఫోర్నియా ఎడారిలోని బాక్స్ కాన్యన్ అనే లోయ దగ్గర రాతి సందు బండ్లకు ఇరుకైంది. సరైన పనిముట్లు లేవు, గొడ్డళ్ళతోనే బండను చెక్కి దారి చేశారు. నేను ఆయన్ని తలుచుకునేది ఈ చెమట చూసి.

ప్రతివాది: చెమట నిజమే. ఆ దారి ఎవరి నేల మీద? అప్పట్లో మెక్సికోదైన టక్సన్ పట్టణంలో మెక్సికన్ సైనికులు ముందే ఖాళీ చేసి వెళ్ళబట్టి రక్తం చిందలేదు. 1848 సంధితో మెక్సికో కాలిఫోర్నియా పోగొట్టుకుంది. మోర్మన్లు స్థిరపడిన యూటా కూడా అలా అమెరికాకు వచ్చిందే. ఆక్రమణకు వెళ్ళినవాడు ఒక్క తూటా పేల్చకపోయినా ఆక్రమణలో భాగస్వామే.

వాది: భాగస్వామే, కాదనను. కానీ శాన్ డియాగోలో ఆయన దళం ఏం చేసింది? ఇటుకలు చేసింది, బావులు తవ్వింది. ఊరంతటికీ తానే సున్నం కొట్టినట్టుందని బిగ్లర్ చెప్పుకున్నాడు. అది కొల్లగొట్టడానికి వచ్చినవాడి మాటలా ఉందా?

ప్రతివాది: మంచి మనిషే కావచ్చు. ఆ ఒక్కడి మంచితనం యుద్ధాన్ని కడిగేయదు. 1848 జనవరి 24న కాలిఫోర్నియాలోని కొలోమాలో రంపపు మిల్లు కాలువలో బంగారం కనబడిందని డైరీలో రాసుకున్నదీ ఆయనే. ఆ తేదీ మనకు తెలిసింది ఆ డైరీ వల్లే. తర్వాత వచ్చిన జనం తాకిడికి కాలిఫోర్నియా ఆదివాసుల బతుకు కూలిపోయింది.

వాది: బంగారం కళ్ళెదుటే ఉన్నా ఆ వేసవిలో వదిలేసి, తనవాళ్ళున్న, యూటాలోని సాల్ట్ లేక్ వైపు కదిలాడు. సియెర్రా కొండల్లో బండ్లకు దారి కొట్టిన బృందంలో ఆయనా ఉన్నాడు. ముందు దారి చూడటానికి వెళ్ళిన ముగ్గురు తోటివాళ్ళు హతమై కనిపించారు. వాళ్ళను పూడ్చిపెట్టి నడిచారు.

ప్రతివాది: ఆ దారినే మరుసటి ఏడాది బంగారం కోసం జనం వచ్చారు. ఆయన కోరుకున్నది అది కాదని ఒప్పుకుంటాను. కానీ ఆయన కథ చెప్పేచోట నేల పోగొట్టుకున్నవాళ్ళ కథా చెప్పాలి.

వాది: తప్పకుండా చెప్పండి. దోపిడీదారు అంటే మాత్రం ఒప్పుకోను.