చెయ్యెత్తిన మాస్టారు

నిన్నటి సంగతి. ఫ్యాన్ స్విచ్ వేయడానికి చెయ్యెత్తాలన్నా ఇంకా జంకుగానే ఉంది.

పాఠం ఎదుటివాళ్లను ఒప్పించే ప్రసంగానికి ప్లాన్ వేసుకోవడం. అరిస్టాటిల్ చెప్పిన మూడూ చెప్పేశాను: మాట్లాడేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, మాటలో తర్కం. ఆపైన 1930లలో అలన్ మన్రో అనే అమెరికా ప్రొఫెసర్ వేసిన ఐదు మెట్లు: ముందు జనం చూపు మనవైపు తిప్పుకోవాలి, సమస్య చూపాలి, పరిష్కారం చెప్పాలి, అది జరిగితే ఎంత హాయిగా ఉంటుందో కళ్లకు కట్టాలి, చివర్లో 'ఇప్పుడే ఈ పని చెయ్యండి' అనాలి. "వినేవాళ్లెవరో, ఏ అడ్డు చెబుతారో ముందే రాసుకోండి" అని ఉచిత సలహా ఒకటి. కొంప ముంచింది అదే.

వెనక బెంచీలో పరిశీలకుడుగారు ఫారం నింపుతున్నారు. అందులో పద్నాలుగు గళ్లు. పిల్లలకు పాఠం అర్థమైందా అనే గడి ఒక్కటీ లేదు. బెంచీలు వరసగా ఉన్నాయా అని మాత్రం రెండున్నాయి.

ఒకమ్మాయి లేచింది. శనివారం స్లిప్ టెస్ట్ వాయిదా వెయ్యాలట. తన శ్రోత క్లాసు కాదు, నేనని నాకు తట్టలేదు. "పోయిన టెస్ట్ పేపర్లే ఇంకా బీరువా మీద ఉన్నాయి సార్" అంది. నిజమే. తర్వాత నాలుగో మెట్టెక్కి, పేపర్ల కట్ట లేని ఆదివారం మధ్యాహ్నాన్ని వర్ణించింది: కిటికీ తెర, దిండు, మోగని ఫోను. నాకు ఆవలింత కూడా వచ్చింది.

"ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి."

ఎత్తాను. నలభై మంది పిల్లల కంటే ముందు.

ఎత్తిన చేతిని దించడం ఇంత పెద్ద విద్య అని ఏ ట్రైనింగులోనూ చెప్పరు. ఠక్కున దించితే దొంగతనం ఒప్పుకున్నట్టే. తల గోక్కుందామంటే, నా తల మీద గోకడానికి సాకుగా చూపే వెంట్రుకైనా లేదు. బోర్డు చూపిద్దామంటే అది నా వెనక ఉంది, చెయ్యేమో ఆకాశం చూపిస్తోంది. సరే, పైన బూజుందని తలెత్తి చూశాను. పిల్లలంతా పైకి చూశారు. పరిశీలకుడుగారూ చూశారు. బూజు నిజంగానే ఉంది. ఆయన రాసుకున్నారు.

సాయంత్రం ఫారం నకలు చేతికొచ్చింది. 'తరగతి గది శుభ్రత: మెరుగుపడాలి. చర్చలో పాల్గొన్నవారు: 41.'